కంచె వెనక పాత సామాను

“కాస్త సుత్తి ఆపు, బయట మనుషులొచ్చారు.”

రేకుల కంచె అవతలి నుంచి మా ఆయన గొంతు. ఆ మాట చెప్పడానికి ఆయన వీధిలో వాళ్ళకు వీపు తిప్పి, రేకుకు నోరు ఆనించినంత దగ్గరగా వస్తాడు. నేను సుత్తి ఆపాను. బోర్లా తిప్పిన పెద్ద సోఫా మీదెక్కి కూర్చుని, గోనెగుడ్డ బిగలాగి మేకులు కొడుతున్నాను అప్పటికి. లాగిన గుడ్డ వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఎడమచేత్తో దాన్ని అలాగే పట్టుకుని, నోట్లో మేకులతో, కుడిచేత్తో ఎత్తిన సుత్తితో బొమ్మలా ఉండిపోయాను. అవతల ఎవరో పెద్దాయన. “మాస్టారూ, కూర్చుంటే పాతాళానికి దిగిపోతోందండీ, మళ్ళీ లేవాలంటే ఇంట్లో ఇద్దరు కావాలి” అంటున్నాడు. మా ఆయన నవ్వుతున్నాడు. “స్ప్రింగులు కూలిపోయుంటాయండీ. విప్పేసి, కొత్త నవారు అల్లి, ఒక్కో స్ప్రింగుకీ ఎనిమిది వైపులా తాడు వేసి కట్టామంటే మీ మనవడు ఎక్కి గెంతినా ఢోకా లేదు.” ఎనిమిది వైపులా తాడు వేయాలన్న సంగతి ఆయనకు నిన్న అన్నం తింటున్నప్పుడు నేనే చెప్పాను. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన చెప్పిన వెంటనే చెప్పినట్టు గుర్తు.

మేకులు నోట్లో పెట్టుకోవడం ఈ పనిలో మామూలే. ఒక చెయ్యి గుడ్డకు, ఒక చెయ్యి సుత్తికి పోతే మేకు అందించడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. నాలుకే ఒక్కో మేకునూ పెదవుల దాకా తోస్తుంది, సుత్తి చివరున్న అయస్కాంతం దాన్ని అందుకుంటుంది. కొత్తలో పెదాలు చీరుకుపోయేవి, తిన్న అన్నం కూడా ఇనుము రుచి కొట్టేది. ఇప్పుడు నోటినిండా మేకులున్నా లాలాజలం కూడా మింగగలను, కానీ మాట్లాడలేను. “దాని నోట్లో మేకులున్నంతసేపే ఈ కొంపలో ప్రశాంతత” అని మా అత్తగారు వచ్చేపోయే చుట్టాలందరికీ చెబుతుంది. చాలా ఏళ్ళు ఆ మాటకు నేనూ నవ్వాను.

ఈ పని నాకు నేర్పింది మామగారు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయనకు టీ ఇవ్వడానికి ముందు వాకిట్లోకి వెళ్ళాను. ఆయన కుర్చీకి గుడ్డ లాగలేక ఆయాసపడుతుంటే గ్లాసు కింద పెట్టి రెండో చివర పట్టుకున్నాను. “ఊఁ, అలాగే ఉంచు” అన్నారు. అలాగే ఉంచాను. ఇప్పటికీ వదల్లేదు. మా ఆయనకు ఈ పని రాలేదు. తెలివి లేక కాదు, ఒక్కచోట కూర్చోలేడు. “వీడికి చెయ్యి నిలవదమ్మాయ్, నీకు నిలుస్తుంది” అనేవారు మామగారు. ఆ మాట విని నేను ఆ పూటంతా గాల్లో తేలాను, పుట్టింట్లో కూడా నన్నెవరూ అంత మాట అని ఎరగరు. కానీ గుమ్మంలో ఎవరైనా నిలబడి “పనితనం భలే ఉందే” అంటే చాలు, ఆ పెద్దమనిషే “మా అబ్బాయి చెయ్యండీ” అనేసేవారు. నేను పక్కనే, చేతులకు పీచు అంటుకుని, నోట్లో మేకులతో. బోర్డు కూడా అప్పుడే రాయించారు. ‘తండ్రీ కొడుకులు. సోఫాలు, కుర్చీలు బాగుచేయబడును’ అని, గోడ వెడల్పు అంతా ఆక్రమించేలా. ఆ తరవాత ఆయన పోయారు. తండ్రి లేడు, కొడుక్కి పని రాదు, సోఫాలు మాత్రం బాగుపడుతూనే ఉన్నాయి. అదెలాగని వీధిలో ఎవరూ అడగలేదు. మా ఆయన సోఫా మాస్టారయ్యాడు. నేను సోఫా మాస్టారి భార్యనయ్యాను.

ఆయన చెడ్డవాడనుకునేరు. కాదు. ఊరంతా తిరిగి పని పట్టుకొచ్చేది ఆయనే, సామాను మోసేది ఆయనే, నాలుగు మాటలు చెప్పి మొండి బేరాన్ని కూడా నవ్వించి పంపేది ఆయనే. చెయ్యెత్తి ఎరగడు, గొంతెత్తి ఎరగడు. ఒక్క అబద్ధం తప్ప ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆ అబద్ధమే మాకింత అన్నం పెడుతోందని ఆయన నమ్మకం.

కంచె మొదట్లో లేదు. ముందు వాకిట్లోనే కూర్చుని పని చేసుకునేదాన్ని. దారిన పోయేవాళ్ళు కనబడేవాళ్ళు, కాస్త గాలాడేది. ఒకరోజు ఆయన స్నేహితుడొకడు సైకిలు ఆపి, “ఏంట్రా మాస్టారూ, సుత్తి ఇంటావిడ చేతికిచ్చి నువ్వు హాయిగా బతికేస్తున్నావు” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే రేకులొచ్చాయి. మనిషెత్తు దాటి, ఈ గోడ నుంచి ఆ గోడకు, సందు లేకుండా. “నీ మంచికేనే. ఎండ తగలదు, దుమ్ము పడదు. దారిన పోయే ప్రతివాడి కళ్ళూ నీ మీదెందుకు” అన్నాడు. ఎండ తగలకపోవడం మాట అలా ఉంచండి, మధ్యాహ్నానికి ఆ రేకులు కాగి లోపల నేను ఉడికిపోతాను. వంట, గిన్నెలు, బట్టలు ముగించుకుని ఆ పొయ్యిలోకి వచ్చి కూర్చుంటే, ఫోనులో ఆడపడుచు “వదినకేం, ఇంటిపట్టునే ఉంటుంది” అంటుంది. ఉంటాను మరి, ఎక్కడికి పోతాను. కంచె కింద మాత్రం బెత్తెడు సందు మిగిలింది. ఆ సందులోంచి నాకు వీధి చెప్పులుగా తెలుసు. అరిగిన మడమల చెప్పులు పోస్టాఫీసులో పనిచేసే ఆవిడవి, ఎప్పుడూ పరుగెత్తే తెల్ల బూట్లు రేకులొచ్చాక కొత్తగా తెరిచిన మందుల షాపు వాడివి. చెప్పుల్ని చూసి మొహాలు ఊహించుకోవడం మొదట్లో సరదాగా ఉండేది. తరవాత తరవాత కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీదో తెలియక సుత్తి మీద చూపించేదాన్ని. అప్పుడు మళ్ళీ అవతలి నుంచి “కాస్త సుత్తి ఆపు.”

ఇలా ఉండగా మున్సిపాలిటీ వాళ్ళు మా వీధిని వ్యాపార వీధిగా ప్రకటించి, ఇంటింటికీ నోటీసులు అంటించారు. వీధి వీధంతా గగ్గోలు. ఫొటో స్టూడియో బోర్డు నియమానికి మించి ఉందని, దాని మీదున్న పెళ్ళికూతుర్ని మెడ దాకా కోసేశారు. సెలూన్ ఆయన కాలిబాట మీద పెట్టిన అద్దం బోర్డును లోపలికి లాక్కున్నాడు. మాకొచ్చిన నోటీసును మా ఆయన కుర్చీలో కూర్చుని పెద్దగా చదివాడు. దుకాణాలున్న స్థలంలో వీధి వైపు కంచె నడుమెత్తుకు మించకూడదు. అంతకుమించి కావాలంటే లోపలిది బయటికి కనబడేలా వలకంచె వేసుకోవాలి. ఈ మాట వినగానే సోఫా మీదున్న నా చెయ్యి ఆగిపోయింది. నడుమెత్తు. వీధి నాకు నడుము నుంచి పైకి కనబడుతుందన్నమాట. ఇన్నాళ్ళకు మున్సిపాలిటీ వాళ్ళు నా మొర ఆలకించారని నవ్వొచ్చింది. మేకులు జారి గొంతులో పడతాయని భయపడి నవ్వాపుకున్నాను.

ఆయన మొహం మాత్రం వాడిపోయింది. పోయి సలహాల గుమాస్తాను పట్టుకొచ్చాడు. ప్లీడరు దగ్గర పనిచేస్తాడు, అడక్కపోయినా సలహాలిస్తాడు, అందుకే ఆ పేరు. అతను నోటీసు అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికింత దిగులెందుకు మాస్టారూ? కింద చూడండి. పాత సామాను నిలవ చేసే స్థలాలకు మినహాయింపుంది. వాటికి మనిషెత్తు కంచె ఉండి తీరాలి కూడానూ. దారిన పోయేవాళ్ళకు ఆ చెత్త కనబడకూడదు కదా. మీది నిలవ స్థలమని రాసివ్వండి, కంచె కదలదు” అన్నాడు.

ఇద్దరూ కూర్చుని అర్జీ రాశారు. రాశాక మా ఆయన దాన్ని మా అత్తగారికి వినిపించాడు. నేను వాకిట్లోంచి విన్నాను. “సదరు కంచె వెనుక పాత సామాను తప్ప మరేమీ లేదు. అక్కడ ఎవరూ పని చేయరు.”

నోట్లో ఉన్న మేకులన్నీ అరచేతిలోకి ఊసి లోపలికి వెళ్ళాను. “ఎవరూ పని చెయ్యరని రాశారా?” అన్నాను.

“మాటవరసకి రాశానే. అలా రాస్తేనే మినహాయింపు ఇస్తారట.”

“మరి నేను?”

“నిన్నేమన్నాను ఇప్పుడు? నీ పేరే ఎత్తలేదు కదా అందులో.” నిజంగా తెలియకే అడిగాడు ఆ మాట. కళ్ళలో ఏ కల్మషమూ లేదు. అది చూసే నాకు ఎక్కువ బాధేసింది. అత్తయ్య గుండీకి గుడ్డ తొడుగుతూ తలెత్తకుండా, “రాస్తే ఏం పోయిందమ్మాయ్, కాయితం మీదే కదా. నువ్వు నిజంగా లేకుండా పోతావా” అంది. సోఫా వీపుకు వేసే గుండీలన్నీ ఆవిడే గుడ్డ తొడిగి కుడుతుంది, వంటింట్లో స్టూలు మీద కూర్చుని. పెళ్ళయినప్పట్నుంచీ అదే స్టూలు.

ఆ పూట చేతులు పని చేస్తున్నా మనసు ఒక్కచోట నిలవలేదు. ఇంతకాలం నేను చేసిన పని ఆయన చేశాడంటే భరించాను. ఇద్దరిదీ ఒకటే సంసారం, ఎవరి పేరైతేనేం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాటలో సగం ప్రేమ, సగం చేతగానితనం ఉన్నాయి. కానీ పని ఆయన చేశాడనడం వేరు, అసలు అక్కడ మనిషే లేదనడం వేరు. కంచె వెనక ఉన్నవేమిటి? విరిగిన కుర్చీలు, పీచు బస్తాలు, తుప్పు పట్టిన స్ప్రింగులు, నేను. ఆ వరసలో నన్ను కూడా కలిపేశాడు, అదీ వీధికి కనబడకూడదని. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గుడ్డ లాగాను, ముడత రాకుండా లాగాను. ఏడుపొచ్చినప్పుడు కూడా పని చెడగొట్టలేని నా చేతుల మీద కూడా కోపమొచ్చింది.

కంచె చూడటానికి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున ఆయన నాకు ఇష్టమైన పూలు తెచ్చాడు. తెచ్చి, “ఇవాళ్టికి ఆ సుత్తీ కత్తెరా తీసి లోపల పెట్టెయ్యి. సోఫాల మీద టార్పాలిన్ కప్పేద్దాం. ఆయన వెళ్ళేదాకా వంటింట్లో ఉండు, చాలు” అన్నాడు. సుత్తి, వంకర సూది, దబ్బనం, తాడు ఉండలు అన్నీ నా చేతులతోనే తీశాను. సగం కట్టిన స్ప్రింగుల మీద టార్పాలిన్ నేనే కప్పి, గాలికి లేవకుండా చుట్టూ ఇటుకలు కూడా పెట్టాను. ఏ పనైనా శుభ్రంగా చేసే రోగం ఒకటి నాకు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వంటింటి తలుపు ఓరగా వేసుకుని అత్తయ్యా నేనూ కూర్చున్నాం.

ఇన్‌స్పెక్టరుకు జలుబు చేసినట్టుంది, ముక్కుతో మాట్లాడుతున్నాడు. టేపు పెట్టి కంచె కొలిచాడు, టార్పాలిన్ చూశాడు. “సరే, నిలవ స్థలం. ఇక్కడ పనేమీ జరగదంటారు.”

“జరగదు సార్. ఒట్టి పాత సామాను.”

“మంచిది. అయితే ఆ బోర్డు తీసెయ్యండి.”

“బోర్డా? ఎందుకు సార్? పెద్దదైతే కోయిస్తాం” అన్నాడు మా ఆయన.

“సైజు సంగతి కాదండీ. పని జరిగే చోటే ఆ పని బోర్డు ఉండాలి. సోఫాలు బాగుచేయబడును అని రాసుంది. ఇక్కడ బాగుచేయరని మీరే రాసిచ్చారు. మరి బోర్డెందుకు?”

“అదీ... కొంచెం జరుగుతుంది సార్.”

“జరుగుతుందా, జరగదా?”

“అప్పుడప్పుడూ...”

ఇన్‌స్పెక్టరు ఇటుకలు జరిపి టార్పాలిన్ ఎత్తాడు. లోపల స్ప్రింగుల వరస, నిన్న నేను కట్టిన తాళ్ళు. ఆయన వేలితో ఒక తాడు మీటినట్టున్నాడు, టంగుమంది. “ఇంత బిగువుగా ఎవరు కట్టారు?” అన్నాడు. జలుబు గొంతులోనే మెచ్చుకోలు వినబడింది. తలుపు అవతల నాలుగడుగుల దూరంలో మా ఆయన ఉన్నాడు. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అనుకున్నాను.

“నేనే సార్” అన్నాడు.

పక్కన అత్తయ్య గుండీ కుట్టడం ఆపింది. నా వైపు చూడలేదు.

“అయితే పని జరుగుతున్నట్టే కదండీ” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “జరిగితే బోర్డు ఉంచుకోండి, కంచె దింపండి. జరగకపోతే కంచె ఉంచుకోండి, బోర్డు దింపండి. రెండూ కుదరవు. ఆలోచించుకుని వారంలోగా ఆఫీసుకొచ్చి చెప్పండి.” తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

నేను సంతోషపడ్డాను. సిగ్గుచేటే, అయినా నిజం. బోర్డంటే మా ఆయనకు ప్రాణం, వాళ్ళ నాన్న గుర్తు. రోజూ పొద్దున గుడ్డ పెట్టి అక్షరం అక్షరం తుడుస్తాడు. దాన్ని దింపడం కల్ల. కంచె పోతుంది, ‘నేనే సార్’ అన్న మాటను కూడా నాలుగు రోజుల్లో మర్చిపోవచ్చు అనుకుని, ఆయనకిష్టమైన కూర వండాను. వడ్డిస్తుంటే ఆయన ముద్ద కలుపుతూ నెమ్మదిగా చెప్పాడు. “బోర్డు దింపేద్దామనుకుంటున్నానే. బోర్డు లేకపోయినా పనొస్తుంది, మనం అందరికీ తెలిసినవాళ్ళమే కదా. కంచె పోతేనే కష్టం.”

గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. వాళ్ళ నాన్న రాయించిన బోర్డును వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నేను కనబడకుండా ఉంటే చాలు. ఆ రేకుల వెనక నన్ను దాచి ఉంచడం ఆయనకు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. అంత అవసరమైనదాన్ని నేను పాత సామాను ఎలా అవుతాను అని కూడా, విచిత్రంగా, ఆ గరిటె పట్టుకునే అనుకున్నాను.

మర్నాడు వంట చేశాను, గిన్నెలు కడిగాను, బట్టలు ఆరేశాను. వాకిట్లోకి వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని తలకు నూనె రాసుకున్నాను. పనివేళలో అలా కూర్చోవడం నాకే కొత్తగా ఉంది. ఆయన అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు.

“ఏమైంది? ఒంట్లో బాలేదా?”

“నాకేం, బాగానే ఉన్నాను.”

“మరి? ఆ పెద్దాయన సోఫా ఉంది, స్కూలు వాళ్ళ కుర్చీలున్నాయి...”

“ఉంటాయి. అది పాత సామాన్ల స్థలం కదా” అన్నాను. “అక్కడ ఎవరూ పని చెయ్యరని మీరే రాసిచ్చారు. సర్కారుకు రాసిచ్చిన మాట అబద్ధం కాకూడదు. ఇవాళ్టి నుంచి అదే నిజం.”

వెటకారమనుకుని నవ్వాడు. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది. మర్నాడు బతిమాలాడు. ఆ మర్నాడు అలిగాడు. “ఇంత పంతమేమిటే నీకు, నేనేం పాపం చేశాను” అని అన్నం ముందునుంచి లేవబోయి, ఆకలేసి మళ్ళీ కూర్చున్నాడు. ఇంతకుముందైతే ఆ మాటకు కరిగిపోయేదాన్ని. ఈసారి కూర ఇంకొంచెం వడ్డించి ఊరుకున్నాను. అవతల రేకు మీద ఎవరో తట్టి “మాస్టారూ, అయిందా?” అని అడిగినప్పుడల్లా ఆయన “అవుతోందండీ” అనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ ‘అవుతోంది’ సన్నబడిపోయింది.

చివరికి తనే కూర్చున్నాడు. తలుపు సందులోంచి చూశాను. గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, వెంటనే కక్కేసి, నోరు పుక్కిలించుకున్నాడు. తరవాత వేళ్ళతో పట్టుకుని కొట్టాడు, మేకు మీద ఒకటి, బొటనవేలి మీద ఒకటి. గుడ్డ ఒక పక్క లాగితే ఇంకో పక్క బుడగలా లేచింది. చూస్తుంటే నా చేతులు దురద పెట్టాయి, లేచి వెళ్ళి లాగి బిగించాలనిపించింది. చీర కొంగులో చేతులు చుట్టేసుకుని కూర్చున్నాను. ఆయన చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చి, “అమ్మా, గుండీలన్నా ఇవ్వు, ఆ వీపు భాగమన్నా పూర్తి చేస్తాను” అన్నాడు.

మా అత్తయ్య ఒళ్ళో డబ్బా మూత పెట్టింది. “పాత సామాన్ల కొట్టుకు గుండీలెందుకురా?” అంది.

నేను ఆవిడ వైపు చూశాను. ఆయనా చూశాడు.

“మీ నాన్నను ఒకావిడ అడిగింది, ఈ గుండీలు ఇంత ముచ్చటగా ఎవరు కుట్టారండీ అని. బజార్లో కొన్నానన్నాడు. నేను ఇక్కడే ఉన్నాను, ఈ స్టూలు మీదే. విన్నాను. పోనీలే అనుకున్నాను. మొన్న నువ్వు ‘నేనే సార్’ అన్నప్పుడు అదే గొంతు వినబడింది నాకు.” ఆవిడ డబ్బాను పక్కన పెట్టి కాళ్ళు చాపుకుంది. “నాకు మోకాళ్ళ నొప్పిగా ఉంది, నేను కుట్టను.” ఇన్నేళ్ళలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదలు. మాట్లాడింది కూడా నా గురించి కాదు, తన గురించి. అందుకే అది నాకింకా బాగా నచ్చింది.

ఆయన నేల మీద కూలబడ్డాడు. నల్లబడిన బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. తరవాత, “కంచె తీస్తే నువ్వు పని చేస్తుంటే అందరూ చూస్తారు. నేనేం చేస్తున్నానంటారు? పెళ్ళాం కష్టం మీద బతుకుతున్నాడంటారు. నన్ను మాస్టారని మళ్ళీ పిలుస్తారా ఎవరైనా?” అన్నాడు. ఇన్నాళ్ళకు నిజం చెప్పాడు. ఆ నిజం విన్నాక ఆయన మీద జాలేసింది, కానీ మెత్తబడలేదు. రెండూ ఒకేసారి వీలవుతాయని నాకు ఆ రోజే తెలిసింది.

“‘ఆయన పని తెస్తాడు, ఆవిడ చేస్తుంది’ అంటారు. అందులో అబద్ధమేముంది?” అన్నాను. “మిమ్మల్ని ఏమనుకుంటారో అని మీరు భయపడుతున్నారు. నన్ను ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనుకోలేదు. మంచీ లేదు, చెడూ లేదు. నేను కొట్టిన మేకు వంకరపోయిందని తిట్టినా బాగుండేది నాకు. అది ఎలా ఉంటుందో మీకు ఒక్కరోజు కూడా తెలియదు. నాకు మీ బోర్డు వద్దు, మీ మాస్టారు పేరూ వద్దు. నేనున్నానని కనబడాలి. కనబడకపోతే చెయ్యను. అంతే.”

ఏడవకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక గోడకు ఆనుకున్నాను.

మర్నాడు పొద్దున ఇనుము గీసుకుంటున్న చప్పుడుకు వెళ్ళి చూస్తే, ఆయన పానా పెట్టి మొదటి రేకు నట్టు తిప్పుతున్నాడు. తుప్పు పట్టి అది ఓ పట్టాన కదలడం లేదు. నన్ను రెండో చివర పట్టుకోమంటాడేమో అని నిలబడ్డాను. అడగలేదు. అడిగినా వెళ్ళేదాన్ని కాదు, అది ఆయన బిగించిన నట్టు. మందుల షాపు వాడొచ్చి సాయం పట్టాడు. తెల్ల బూట్ల మీద నేను ఊహించుకున్నది నల్లగా పొడుగ్గా ఉండే కుర్రాణ్ణి. ఈయన పొట్టిగా, బట్టతలతో, మా నాన్న వయసువాడు. “ఓహో, లోపల ఇంత పని జరుగుతోందా” అన్నాడు నన్నూ స్ప్రింగులనూ మార్చి మార్చి చూస్తూ. మా ఆయన నట్టు మీదే చూపు పెట్టి, “జరుగుతుందండీ, రోజూ జరుగుతుంది” అన్నాడు.

రేకులన్నీ దిగేసరికి వెలుతురు వాకిలంతా పరుచుకుంది. ఇంత దుమ్ములోనా నేను కూర్చున్నది అనిపించింది. ముందు ఊడ్చాను. తరవాత సోఫాను వీధి వైపు తిప్పుకుని ఎక్కి కూర్చున్నాను. మొదట్లో భుజాలు ముడుచుకుపోయాయి, ప్రతి అడుగుకూ తలెత్తి చూశాను. ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుకుంటూ పోయారు. ఒకాయన ఆగి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నాలుగో మేకు కొట్టేసరికి వాళ్ళ సంగతి మర్చిపోయాను, పని పట్టుకుంది. అత్తయ్య తన స్టూలు తనే ఈడ్చుకుంటూ వచ్చి, నీడ చూసుకుని, వీధికి ఎదురుగా వేసుకుంది. మోకాళ్ళ నొప్పి గురించి నేను అడగలేదు.

సాయంత్రం ఒకావిడ కుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది. నా ముందునుంచే నడిచి, బోర్డు కింద నిలబడ్డ మా ఆయన దగ్గరికి వెళ్ళింది. “మాస్టారూ, అడుగు ఊడిపోయిందండీ దీనికి. ఆదివారానికిస్తారా? ఇంటికి చుట్టాలొస్తున్నారు” అంది.

ఆయన నోరు తెరిచాడు. ఇచ్చేద్దామండీ అనబోయాడని ఆ పెదాలు చూసే చెప్పగలను. అనలేదు. చెవులు ఎర్రబడ్డాయి. “ఆవిణ్ణడగండి” అన్నాడు, నా వైపు చూపించి. “చేసేది ఆవిడే.”

ఆవిడ తిరిగి నన్ను చూసింది, సుత్తిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. కుర్చీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను మేకులు అరచేతిలోకి ఊసి, కుర్చీ తిరగేసి, నవారు నొక్కి చూశాను. పెద్ద పనేం కాదు.

“శనివారం సాయంత్రం తీసుకెళ్ళండి” అన్నాను. “ఆదివారం నాకు సెలవు.”

ఆ సెలవు సంగతి, ఆ మాట అనేదాకా నాకూ తెలియదు.